పేరు పక్కనున్న అంకె: పాఠకుల కంప్యూటర్ సందేహాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నేను పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. ఇంటి పనులకూ పిల్లల చదువుకూ ఒక కంప్యూటర్ కొనాలనుకుంటున్నాము. ప్లస్ టూ చదువుతున్న మా అబ్బాయి దానిమీద వేలొరెంట్, మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలు కూడా ఆడుకోవాలంటున్నాడు. మానిటర్ ఇంట్లో ఉంది. తక్కినదానికి 35,000 రూపాయలకు మించి పెట్టలేను. ఒక దుకాణంవారు ‘ఐ7 గేమింగ్ కంప్యూటర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’ అని చెప్పి 22,000 రూపాయలకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చునా? లేక విడిభాగాలు కొని బిగించుకోవడం మేలా? కొంటే బరంపురంలోనా, విశాఖపట్నంలోనా?

జవాబు: ఆ దుకాణంవారిని ముందుగా ఒక్క మాట అడగండి: ఏ ఐ7? ఇంటెల్ ప్రాసెసర్ పేరులో గీత తరువాత వచ్చే అంకె (పదో తరం నుంచి మొదటి రెండంకెలు) దాని తరాన్ని చెబుతుంది. ఆ ధరకు వచ్చేది చాలావరకు ఐ7-2600 అయి ఉంటుంది. అది 2011లో వచ్చిన రెండో తరం ప్రాసెసర్. దానికి సరిపోయేది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కాబట్టి, రేపు మీరు కొత్త బోర్డుకు మారితే ఆ ర్యామ్ దేనికీ పనికిరాదు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అంగీకరించే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏదో ఒక దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించినా, వేలొరెంట్ ఆట ఆ విండోస్‌లో టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మొదలవ్వనిచ్చే ఏర్పాటు) ఉన్నాయా అని చూసి, లేకపోతే నడవదు. మీ అబ్బాయి దేనికోసం అడుగుతున్నాడో అదే ఆ యంత్రంలో ఆడదన్నమాట.

ఇక ఆ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు సంగతి. ఇటువంటి బేరాల్లో తరచుగా పెట్టేది జీటీ 730. అది 2014 నాటి కార్డు. దానిమీద 4 జీబీ అని రాసి ఉండడం అబద్ధమేమీ కాదు. అయితే బండి తొట్టె పెద్దదైనంత మాత్రాన ఎద్దుల బలం పెరగదు. నేను కింద చెప్పబోయే ప్రాసెసర్‌లో, విడిగా కార్డేదీ లేకుండానే లోపల ఇమిడి ఉన్న గ్రాఫిక్స్, ఆ కార్డుకంటే చురుకైనది.

మీ అవసరానికి విడిభాగాలు కొని బిగించుకోవడమే మేలు. ప్రాసెసర్‌కు నా సలహా ఏఎండీ రైజెన్ 5 5600జీ, లేదా దానికి దగ్గరిదైన 5600జీటీ. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు త్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), వేగా 7 గ్రాఫిక్స్ ఇందులోనే ఉంటాయి. పెట్టెతోపాటు ఫ్యాను కూడా వస్తుంది. పేరు చివర ఉన్న అక్షరాన్ని మాత్రం బిల్లు రాసే వేళ కూడా చూసుకోండి. జీ లేని 5600 కొంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. కంప్యూటర్ తిరుగుతుంది గాని తెర మీద బొమ్మ రాదు. ఇంటెల్‌లో ఇదే చిక్కు ఎఫ్ అక్షరంతో వస్తుంది: ఐ3-12100లో గ్రాఫిక్స్ ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. ‘అదే ప్రాసెసరండీ, కాస్త చవక’ అని ఎవరైనా అంటే, ఆ చవక ఈ అక్షరంలోనే ఉందేమో చూడండి.

ఇటువంటి ప్రాసెసర్ ఎంచుకున్నాక అన్నిటికంటే ముఖ్యమైనది ర్యామ్. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. అది మీ ర్యామ్‌నుంచే కొంత భాగం వాడుకుంటుంది. అందుచేత 16 జీబీ ఒకే పలకగా కాకుండా 8 జీబీ పలకలు రెండు తీసుకోవాలి. రెండు పలకలుంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి 64 బిట్ల నుంచి 128 బిట్లకు వెడల్పవుతుంది, ఆటల్లో ఆ తేడా కంటికి కనబడుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి ఇప్పుడు ఒకటి వేయించి తరువాత మరొకటి వేద్దామనుకునేవారిని చాలామందిని చూశాను. ఆ ‘తరువాత’ రావడం మాత్రం అరుదు. ర్యామ్ డీడీఆర్4, 3200 వేగానిది చాలు. బిగించిన తరువాత టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే, వాడిన స్లాట్లు ఎన్నో, వేగం ఎంతో అక్కడే కనబడతాయి. వేగం 2400 అనో 2666 అనో ఉంటే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల పుట అయిన బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ పెట్టలేదని అర్థం. అది రెండు నిమిషాల పని. అక్కడే 16 జీబీకి బదులు పద్నాలుగో పదిహేనో కనబడితే దుకాణంవారిని అనుమానించకండి, ఆ తగ్గినది గ్రాఫిక్స్ వాటా.

మదర్‌బోర్డుకు ఏ520 సరిపోతుంది. బీ450 ఇస్తామంటే, ఈ ప్రాసెసర్‌ను గుర్తించేలా బయోస్ కొత్తదయి ఉందో లేదో దుకాణంలోనే ఒకసారి నడిపించి చూడండి. ఫైళ్లు దాచుకోవడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి చాలు. ర్యామ్ ధర స్థిరంగా ఉండడం లేదు కనుక లెక్క మించితే రైజెన్ 5 5500జీటీకి దిగండి, క్యాబినెట్ మామూలుది తీసుకోండి. రెండు పలకలను మాత్రం ఒకటి చేయకండి. విండోస్ లైసెన్సు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోండి.

కోత పెట్టకూడని మరో వస్తువు కరెంటు అందించే పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదానిమీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చదవండి. అక్కడ 16 ఉంటే, పన్నెండు పదహార్లు 192 వాట్లే దాని అసలు సత్తా. నిజమైన 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే ముద్ర) సప్లైలో అదే గడిలో సుమారు 36 ఉంటుంది. మీ యంత్రానికి ఇప్పుడు 150 వాట్లలోపే చాలు. అయినా మంచి సప్లై ఉంటే రెండేళ్ల తరువాత జీటీఎక్స్ 1650 వంటి 75 వాట్ల కార్డు వేసుకోవడానికి అడ్డం ఉండదు.

బరంపురమా, విశాఖపట్నమా అంటే, మీరు రెండోసారి సులువుగా వెళ్లగలిగిన ఊరే మంచిది. గుణుపురం పాసింజరు రైలులో పెట్టె తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. బోర్డు పాడైనప్పుడు మళ్లీ మోసుకెళ్లడమే కష్టం. సీరియల్ నంబర్లతో సహా ప్రతి భాగమూ విడివిడిగా రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోనిదే కావాలి, మూడేళ్ల వారంటీ దానికే వర్తిస్తుంది.

మీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కనుక ఇంకొక మాట. విండోస్‌లో రెండు భాషలకూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే ఉంటుంది. తెలుగులో ‘క’ వచ్చే మీటతోనే ఒడియా ‘క’ కూడా వస్తుంది. పిల్లలు ఒకసారి వేళ్లకు అలవాటు చేసుకుంటే రెండు లిపులూ వచ్చినట్లే.

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతున్నది. విడిగా యూపీఎస్ కొనవలసిందేనా?

జవాబు: ముందుగా ఇన్వర్టర్ వెనుక మీటను చూడండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, సాధారణ మోడ్ అని రెండు ఉంటాయి. సాధారణ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే క్షణమాత్రపు వ్యవధినే కంప్యూటర్ తట్టుకోలేకపోతున్నది. అయితే యూపీఎస్ మోడ్‌లో లోవోల్టేజీని ఇన్వర్టర్ అంతగా సహించదు. సుమారు 180 వోల్టుల కిందికి దిగితే బ్యాటరీకి మారిపోతుంది. సాయంత్రాలు మీ వీధిలో ఫ్యాన్లు నెమ్మదించే పరిస్థితి ఉంటే, బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. అప్పుడు ఇన్వర్టర్‌ను సాధారణ మోడ్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కు మాత్రం 600 వీఏ యూపీఎస్ పెట్టుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటే ఎర్తింగ్ లేదని గుర్తు. యూపీఎస్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: జయపురంలో ఆఫీసుల్లో వాడి తీసేసిన ఐ5-8500 చిన్న కంప్యూటర్లు చవకగా దొరుకుతున్నాయి. ఆటలకు పనికొస్తాయా?

జవాబు: ప్రాసెసర్ మంచిదే. 2018 నాటి ఎనిమిదో తరం, ఆరు కోర్లది కాబట్టి విండోస్ 11కు ఇబ్బంది లేదు. లోపలి గ్రాఫిక్స్ మాత్రం తేలికపాటి ఆటలకే సరి. కార్డు వేద్దామంటే ఆ సన్నని పెట్టెలో పొట్టి కార్డు మాత్రమే పడుతుంది, అదీ ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ అడగనిది కావాలి. ఆర్ఎక్స్ 6400 ఆ కొలతకు సరిపోతుంది గాని, అది నాలుగు లేన్లతోనే (సమాచారం నడిచే దారులతోనే) పనిచేసే కార్డు కనుక, పీసీఐఈ 3.0 అనే పాత తరం స్లాటు ఉన్న ఈ బోర్డులో కొంత వేగం కోల్పోతుంది. పొట్టి రకం జీటీఎక్స్ 1650 దొరికితే దానికే మొగ్గు చూపండి. బేరం కుదుర్చుకునే ముందు మూత తీయించి, కార్డు పెట్టే స్లాటు ఖాళీగా ఉందో, హార్డ్ డిస్క్ తొట్టి దానికి అడ్డు వస్తున్నదో స్కేలు పెట్టి కొలుచుకోండి.