షష్టిపూర్తి ఖర్చు కార్డు మీద వేసే ముందు

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ నాన్న షష్టిపూర్తి మొత్తం నీ చేతుల మీదుగానే జరిపిస్తానన్నావట. వనస్థలిపురంలో హాలు మాట్లాడావట, వంటవాళ్ళకి బయానా కూడా ఇచ్చావట. నా వేలు పట్టుకుని బడికి వెళ్ళిన తమ్ముడికి వాడి కొడుకు అరవయ్యో ఏట పెళ్ళి చేయిస్తున్నాడంటే కళ్ళు చెమర్చాయి. అంతలో మీ అమ్మ, "డబ్బుకేం ఇబ్బంది లేదొదినా, వాడికి క్రెడిట్ కార్డు ఉందిగా" అంది. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నా.

నీ కార్డు లిమిట్ లక్షన్నర అని చెప్పింది. హాలు, భోజనాలు, బట్టలు, అమ్మకి మంగళసూత్రాలు, వచ్చినవాళ్ళకి పెట్టే వెండి భరిణెలు, ఊరి నుంచి దిగేవాళ్ళకి లాడ్జి గదులు అన్నీ కూడితే లక్షన్నర దాటేలా ఉంది నాన్నా.

గడువులోపు బిల్లు మొత్తం కట్టెయ్. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు తియ్యకు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం లిమిట్ దాటడం గురించి. చాలా బ్యాంకుల్లో దాటిన సొమ్ము మీద 2.5 శాతం, లేదంటే 500–600 రూపాయల కనీస రుసుం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది వేస్తారు. పైన 18 శాతం జీఎస్టీ. ఎనిమిది వేలు దాటావనుకో, 2.5 శాతం అంటే 200 రూపాయలే. కానీ కనీసం 500 అని ఉంటే 500, పన్నుతో కలిపి 590 కట్టాలి. ఒక్కసారికి ఇది పెద్ద దెబ్బేం కాదు. కానీ అది ఒక్కసారితో ఆగకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

2006 ప్రాంతంలో కోఠిలో, ఆబిడ్స్‌లో ఆఫీసుల ముందు బల్ల వేసుకుని కుర్రాళ్ళు కార్డులు అంటగట్టేవారు. మీ మామయ్య ఒకటి తీసుకున్నారు. లిమిట్ నలభై వేలు. ఆయన దుబారా మనిషి కాదు, బస్సు డబ్బులు మిగులుతాయని నారాయణగూడ నుంచి కోఠి దాకా నడిచేవారు. కానీ మా పెద్దదాని నిశ్చితార్థానికి జనరల్ బజార్‌లో చీరలు కొనేటప్పుడు చెయ్యి ఆగలేదు. కార్డు గీశారు, మళ్ళీ గీశారు. లిమిట్ దాటినా మెషిన్ కాదనలేదు. "చూశావా, నలభై దాటినా ఇచ్చారు, మన మీద నమ్మకం వాళ్ళకి" అని ఆ సాయంత్రం మురిసిపోయారు.

తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఓవర్‌లిమిట్ ఫీజు, దాని మీద సర్వీస్ ట్యాక్స్. అది చూసి కూడా ఆయన కనీస చెల్లింపు, అంటే ఈ నెలకి ఇంతైనా కట్టమని బిల్లులో వేసే చిన్న మొత్తం మాత్రమే కట్టారు, అదే సరిపోతుందనుకుని. మిగిలినదాని మీద వడ్డీ పడింది. వడ్డీ చేరేసరికి బాకీ మళ్ళీ లిమిట్ దాటింది, మళ్ళీ ఫీజు. ఆ తర్వాత నెలా అంతే. చీరల తర్వాత ఆ కార్డు మీద రూపాయి వస్తువు కొనలేదురా, అయినా బాకీ పెరుగుతూనే పోయింది.

నాకు చెప్పలేదు. వచ్చిన కవర్లన్నీ పాత సూట్‌కేసులో ఉన్ని దుప్పట్ల కింద పెట్టారు. వసూలు వాళ్ళు ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి నాతో నోటికొచ్చినట్టు మాట్లాడాక గానీ నాకు తెలియలేదు. ఆ రాత్రి సూట్‌కేసు తెరిస్తే ప్రతి కాగితం మీదా కనీస చెల్లింపు అంకె కింద పెన్సిల్ గీత ఉంది. పైనున్న మొత్తం బాకీ కింద ఏ గీతా లేదు. దాన్ని చూడ్డానికే ఆయనకి ధైర్యం చాలలేదు. చివరికి మా కాలనీ చిట్టీ ఎత్తి ఆ అప్పు తీర్చాం. ఆ చిట్టీ చిన్నదాని చదువుకని వేసుకున్నది.

ఇప్పుడు కాలం నయం. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద నిబంధనలు తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి, నీ స్పష్టమైన సమ్మతి లేకుండా లిమిట్ దాటనివ్వకూడదు. కట్టని ఫీజుల్నీ పన్నుల్నీ బాకీలో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వెయ్యకూడదని కూడా చెప్పింది. కాబట్టి ముందు నీ బ్యాంకు యాప్ తెరిచి, ఓవర్‌లిమిట్ సదుపాయం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూడు. కార్డు తీసుకునేటప్పుడు ఏదో గడిలో టిక్కు పెట్టి మర్చిపోయి ఉంటావు. ఆఫ్ చెయ్. దుకాణంలో కార్డు పనిచెయ్యకపోతే నామోషీ అనుకోకు, వేరేగా కడతాం.

సమ్మతి ఇవ్వకపోయినా ఆ ఫీజు పడితే ఊరుకోకు. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకో. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఖర్చుండదు. ఎలా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. నీ పొరపాటు వల్లే పడినా, మొదటిసారి అయితే మర్యాదగా అడిగి చూడు. ఒక్కోసారి వెనక్కి ఇస్తారు.

ఖర్చు ఒకేసారి మీద పడకుండా చూసుకో. హాలు డబ్బు కార్డు మీద కట్టాక బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు, చేతిలో ఉన్నంత మధ్యలోనే కట్టెయ్, లిమిట్ తిరిగి తెరుచుకుంటుంది. కానీ అది ఖాతాలో పడడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, మర్నాడే పెద్ద కొనుగోలు పెట్టుకోకు. ఈఎంఐగా మార్చితే లిమిట్ ఖాళీ అవుతుందనుకునేవు, కాదు. వాయిదాలు తీరే కొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. లాడ్జివాళ్ళు అడ్వాన్సుగా ఆపి ఉంచే సొమ్ము కూడా లిమిట్‌లోంచే పోతుంది. మీ అమ్మకి నీ ఖాతా మీదే ఇంకో కార్డు, ఆ యాడ్-ఆన్ కార్డు ఇచ్చావుగా, అదీ నీ లక్షన్నరలోనిదే, వేరే కాదు. ఆవిడ చీరల కొట్టుకి వెళ్ళే రోజు నువ్వు భరిణెలు కొనకు. వెండి కొట్లో కార్డైతే రెండు శాతం ఎక్కువ అంటే, నీ ఖాతాలోంచి యూపీఐ చెయ్.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నాన్న కోసం చేస్తున్నావు కాబట్టి ఎంతైనా ఫరవాలేదనిపిస్తుంది. మీ మామయ్యా కూతురి కోసమే గీశారు. చెయ్యి బిగించమని నేననను, తమ్ముడి వేడుక ఘనంగానే జరగాలి. కానీ లెక్క తప్పితే ఆ రోజే నాకు ఫోన్ చెయ్. రాత్రి పన్నెండైనా సరే. నేను తిట్టను. తిట్టినా డబ్బు పంపాకే తిడతాను.

మంగళసూత్రాలు నావి. ఆడపడుచుని, ఆ హక్కు నాది, నీ జాబితాలోంచి కొట్టెయ్. మీ నాన్నకి పట్టుపంచె కూడా నేనే తెస్తాను.

వచ్చే ఆదివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి మియాపూర్ వస్తాను. అప్పటికి ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది కార్డు మీద, ఏది ఖాతాలోంచి అని పక్కన వేసి ఉంచు. స్టేషన్‌కి బండి తీసుకునిరా, మోకాళ్ళ నొప్పులతో నడవలేను.

ఇట్లు,
మీ అత్తయ్య