సున్నపురాయి, షేల్ కలిసే చోట ఏ బలం తీసుకోవాలి?

ఎర్రగుంట్ల గనిలో సున్నపురాయి కింద షేల్ (పలకలుగా విడిపోయే మెత్తని మట్టిరాయి) పొర ఉందనీ, రెండింటి కోత బలాల (జారకుండా రాయి తట్టుకునే బలాల) సగటు తీసుకోవచ్చా అనీ అడిగారు. వద్దండి. జారుడు ఆ రెండు రాళ్లూ కలిసే అతుకు వెంటే జరుగుతుంది, అక్కడ పెత్తనం మెత్తని రాయిదే. సున్నపురాయి ఎంత గరుకుగా ఉన్నా దాని మొనలు షేల్‌ను గీసుకుంటూ పోతాయి. బార్టన్ సూత్రం (అతుకు గరుకుదనం, దాని పక్క రాయి బలం నుంచి కోత బలాన్ని అంచనా వేసేది) వాడితే గోడ బలంగా, అంటే అతుకు పక్క రాయి నలగకుండా తట్టుకునే బలంగా, షేల్ విలువే వేయండి.

అంతకంటే మేలు, అతుకు చెదరని నమూనాను నానబెట్టి నేరు కోత పరీక్ష (పైనుంచి నొక్కి పట్టి, అతుకు వెంట జరిపి చూసేది) చేయించడం. ఎండు షేల్ ఇచ్చే అంకెను వానాకాలంలో నమ్మలేం. అతుకు పైన పది మీటర్ల రాయి ఉంటే దాని బరువు వల్ల ఒత్తిడి సుమారు 0.26 మెగాపాస్కల్, పరీక్షలో పైనుంచి నొక్కే లంబ ఒత్తిడి ఆ దరిదాపుల్లోనే ఉండాలి. అతుకులో బంకమట్టి పూత కనిపిస్తే గరిష్ఠ బలాన్ని వదిలేసి, జారాక మిగిలే బలాన్నే లెక్కించండి.

పొరల వాలు గని గుంత వైపా, లోపలికా? అది రాయండి, మిగతా లెక్క కలిసి చూద్దాం.