వదిలిన ఫెజెంట్లు ఎందుకు నిలవడం లేదు?

సందేహం: ఇంక్యుబేటర్‌లో పొదిగించి షెడ్డులో పెంచిన ఫెజెంట్ (కోడిని పోలిన అడవి పక్షి) పిల్లలను ఎనిమిదో వారంలో అడవి అంచున వదిలాను. నెల తిరక్కుండానే చాలావరకు మాయమయ్యాయి. అక్కడక్కడా ఈకల కుప్పలు కనిపిస్తున్నాయి. ఈసారి రెట్టింపు పిల్లలను వదిలితే కొన్నయినా నిలుస్తాయా?

జవాబు: రెట్టింపు వదిలితే నక్కలకు మేత రెట్టింపవుతుంది, అంతే. వేట కోసం పెంచి వదిలిన పక్షుల్లో ఎక్కువ నష్టం మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది. అయితే దానికి కారణాలు చాలావరకు షెడ్డులోనే మొదలవుతాయి.

ముందు ఆ ఈకలను చేతిలోకి తీసుకుని చూడండి. కాడలు కొరికి తెంపినట్టు ఉంటే నక్క పని. కాడలు తెగకుండా మొదలంటా ఊడి, ఒకేచోట చుట్టూ పరుచుకుని ఉంటే డేగ పీకినట్టు. డేగ వదిలేసిన కళేబరాన్ని నక్క కూడా కొరుకుతుంది కాబట్టి ఒక్క కుప్పను చూసి తేల్చేయకండి. నక్కకు సులువుగా చిక్కేవి రాత్రి నేల మీద పడుకున్న పక్షులు. చదునైన నేల మీదే పెరిగిన పిల్లకు చెట్టెక్కి నిద్రపోయే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగాల్లో, పసితనం నుంచే ఎక్కి కూర్చోవడానికి కర్రలు ఉన్న చోట పెరిగిన ఫెజెంట్లు వదిలాక చెట్ల మీద ఎక్కువగా నిద్రించాయి, ఎక్కువగా బతికాయి కూడా. మొదటి వారం నుంచే వేర్వేరు ఎత్తుల్లో కర్రలు కట్టండి. పైసా ఖర్చు లేని ఈ పనిని ఎందుకో చాలామంది వదిలేస్తారు.

తర్వాతది మేత. చచ్చిన పక్షి తాజాగా దొరికితే, చేతులకు తొడుగులు వేసుకుని కందనకాయ కోసి చూడండి. దాణా మీదే పెరిగినదానికి కండ పలచగా ఉంటుంది. అడవి పక్షికి గట్టిగా, లోపల చిన్న రాళ్లతో ఉంటుంది. పీచును అరిగించే సీకం పేగులు కూడా దాణా పక్షికి పొట్టిగానే ఉంటాయి. అలాంటిది ఆకులు, గింజలు తిన్నా ఒంటికి సరిగా పట్టదు. అందుకే పెంచేటప్పుడే దాణాతో పాటు కొద్దిగా గింజలు, బతికున్న పురుగులు, పచ్చి ఆకులు, సన్న రాళ్లు అందించండి. వదిలాక కూడా దాణా డబ్బాలను ఒక్కసారిగా తీసేయకండి.

నేరుగా బయటికి వదలకుండా, పొదలూ చెట్లూ ఉన్న చోట పైకప్పు లేని కంచెలో కొన్ని వారాలు ఉంచండి. ఎగిరి బయటపడినవి నడిచి తిరిగి రావడానికి, నక్క దూరలేనంత ఇరుకైన దారులు నేల మట్టాన ఉండాలి. పొడుచుకోకుండా ముక్కుకు బిట్లు (చిన్న క్లిప్పులు) తొడిగి ఉంటే వదిలే ముందు తప్పక తీయండి. కోళ్లు తిరిగిన నేల మీద మాత్రం పెంచవద్దు. కాలేయాన్ని దెబ్బతీసే బ్లాక్‌హెడ్ రోగాన్ని మోసే, కోళ్ల రెట్టలో పడే హెటెరాకిస్ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

ఇంత చేసినా పక్షులు అక్కడే గూళ్లు కట్టి సంతతిని పెంచుతాయన్న ఆశ తక్కువే. పెంపుడు పెట్టలు పొదిగి పిల్లలను పెద్ద చేయడంలో అడవి పెట్టల కంటే బాగా వెనుకబడతాయి. పుట్టిన పిల్లలకు మొదటి రెండు వారాలు పురుగులే ప్రధాన ఆహారం. పొలం గట్ల వెంట మందు కొట్టని గడ్డి పట్టీలు లేకపోతే అవీ దక్కవు. ఆ చోట అడవి ఫెజెంట్లు ఇప్పటికే ఉంటే, కొత్తవి వదలడం మానేసి ఆ డబ్బు గట్ల మీద పెట్టండి. వదిలారంటే మీ పక్షులు వాటికి రోగాలు అంటిస్తాయి, నక్కలనూ రప్పిస్తాయి. వదలాలనే అనుకుంటే, ముందుగా వన్యప్రాణి శాఖ అనుమతి కావాలేమో కనుక్కోండి.