జర్మన్ మాటల పరీక్ష: ఊరికే వచ్చే మార్కులు

ప్రశ్న: జర్మనీ వెళ్లే నర్సులకు భాష నేర్పుతున్నాను. బీ1 స్థాయి (భాషా పరీక్షల ఆరు మెట్లలో మూడోది) మాటలు ఎన్ని వచ్చో చూడటానికి ఫోన్‌లో రాసే పరీక్ష తయారుచేశాను. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, అర్థాలు తెలుగులో. సరిగా చదవనివాళ్లకూ 20 వస్తున్నాయి. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కళ్లు మూసుకుని నొక్కినా నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే 10 మార్కులు ఊరికే వచ్చేవే. ఆప్షన్లకు ‘తెలియదు’ అని ఐదోది చేర్చండి. తప్పుల సంఖ్యను మూడుతో భాగించి ఒప్పుల్లోంచి తీసేయండి. 20 ఒప్పులు, 20 తప్పులైతే మిగిలేది 13.3. ‘తెలియదు’ నొక్కితే తప్పుగా లెక్కించకూడదు. ఈ నియమం పరీక్షకు ముందే చెప్పాలి, లేకపోతే ఆ బటన్ ఎవరూ ముట్టుకోరు.

మిగతాది ఇంగ్లిష్ పుణ్యం. హాండ్, హౌస్ లాంటి మాటలు పుస్తకం తెరవకుండానే తెలిసిపోతాయి. మీకు గుర్తొచ్చిన మాటలు ఏరితే ఇవే ఎక్కువ పడతాయి. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ బీ1 జాబితాలో సుమారు 2,400 మాటలున్నాయి. 1 నుంచి 60 లోపు ఒక అంకె చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి 60వ మాట తీసుకోండి. సరిగ్గా 40 వస్తాయి, ఇంగ్లిష్‌ను పోలినవీ జాబితాలో ఉన్న పాళ్లలోనే వస్తాయి. ఇక ఒక్కో మార్కు 60 మాటలకు లెక్క. పై 13.3 అంటే దాదాపు 800 మాటలు.

తప్పు ఆప్షన్లు కూడా ఒప్పు ఆప్షన్ జాతివే కావాలి: క్రియకు క్రియలు, నామవాచకానికి నామవాచకాలు. ‘గిఫ్ట్’ అంటే జర్మన్‌లో విషం. ఆ మాట వస్తే ‘బహుమతి’ని తప్పు ఆప్షన్‌గా పెట్టండి. నర్సులకు ఈ తేడా తెలియకపోతే కష్టమే మరి!

తెలుగు అర్థాలతో ఇంకో చిక్కు. ‘లేజెన్’, ‘ష్టుడీరెన్’ రెండూ మనకు ‘చదవడం’. ‘కెనెన్’, ‘విసెన్’ రెండూ ‘తెలియడం’. ఒంటి మాటకు బదులు ‘పేపర్ చదవడం’, ‘కాలేజీలో చదవడం’ అని విడదీయండి.

ప్రశ్న: టైప్ చేసే ప్రశ్నల్లో కళ్లముందు సరిగా ఉన్న జవాబును కూడా కంప్యూటర్ తప్పంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: చివర ఖాళీ ఉందేమో ముందు చూడండి. ఫోన్ సూచించిన మాట నొక్కితే దాని వెనకే స్పేస్ పడుతుంది. అది కాకపోతే జర్మన్ అక్షరాల మీది చుక్కలు. రెండు చుక్కల ‘ఏ’ను (ä) యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలకు వాడే కోడ్‌ల పద్ధతిలో, ఒకే కోడ్‌గా రాయొచ్చు, ‘ఏ’ తర్వాత చుక్కలను విడిగా చేర్చీ రాయొచ్చు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు. (మన ఐత్వానికీ ఇదే తంటా.) పోల్చే ముందు రాసిన జవాబునూ మీ దగ్గరున్న సరైన జవాబునూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (అక్షరాన్నీ చుక్కలనూ ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపం) మార్చండి.

చుక్కలు లేని కీబోర్డుల కోసం ‘ఏఈ’, ‘ఓఈ’, ‘యూఈ’ అని రాసినా ఒప్పుకోండి. చుక్కలు ఊరికే వదిలేస్తే మాత్రం కుదరదు: చుక్కలు లేని ‘షోన్’ అంటే ‘అప్పటికే’, ఉంటే ‘అందమైన’.