టెక్ సందేహాలు: పాట నునుపు కోసం కెర్నెల్ తలుపు తీస్తారా?

ప్రశ్న: నా పాటలన్నీ 44.1 కిలోహెర్ట్జ్‌వి. 192కి మారిస్తే మెట్లు మెట్లుగా ఉన్న తరంగం నునుపవుతుందట. అందుకోసం డౌన్‌లోడ్ చేసిన సౌండ్ బూస్టర్, విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను ఆఫ్ చేయమంటోంది. చేయొచ్చా?

జవాబు: వద్దు. బూస్టర్ పేరు మారుతోంది తప్ప ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది.

ముందు ఆ మెట్ల సంగతి. ఎడిటర్‌లో జూమ్ చేస్తే కనిపించే మెట్లు ఆ సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మ మాత్రమే. శాంపిల్ అంటే ఒక క్షణానికి ఒక అంకె; 44.1 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు అలాంటివి 44,100. అందులో సగం, అంటే 22.05 కిలోహెర్ట్జ్ లోపు ఉంటూ ఆ బిందువులన్నిటి గుండా పోయే తరంగం ఒక్కటే ఉంటుంది, డీఏసీలోని (అంకెలను ధ్వని సంకేతంగా మార్చే చిప్‌లోని) ఫిల్టర్ దాన్నే తిరిగి కడుతుంది. గణితవేత్త క్లాడ్ షానన్ 1949లోనే దీన్ని నిరూపణతో ప్రచురించాడు. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినిపించదు, వయసు మీద పడేకొద్దీ అదీ తగ్గుతుంది. 192కి మారిస్తే మధ్యలో లెక్కగట్టిన అంకెలు చేరతాయంతే. ఒక్కో అంకెకు 16 బిట్లతో నిమిషానికి 10.6 ఎంబీ ఉన్న స్టీరియో పాట, 192 కిలోహెర్ట్జ్, 24 బిట్లకు మారిస్తే నిమిషానికి 69 ఎంబీ అవుతుంది. 24 బిట్లు రికార్డింగ్‌లో నిజంగా పనికొస్తాయి, వినడానికి 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెల్స్ (అతి చిన్న, అతి పెద్ద ధ్వనుల మధ్య తేడా) చాలు.

ఇక బూస్టర్. 16 బిట్లలో అన్నిటికన్నా పెద్ద అంకె 32,767. ఇప్పటి పాటల్లో చాలావాటి శిఖరాలు ఇప్పటికే దాన్ని తాకుతుంటాయి. '200 శాతం' అంటే మరో 6 డెసిబెల్స్. ఆ శిఖరాలు ఎక్కడికి పోవాలి? తెగిపోతాయి, లేదా లిమిటర్ (హద్దు దాటే ధ్వనిని తగ్గించే సాధనం) వాటిని నలిపేస్తుంది. మీకు వినిపించే ఆ 'పవర్' అదే.

నాకు అసలు భయం మెమరీ ఇంటెగ్రిటీ దగ్గర. అది ఆన్‌లో ఉంటే, కెర్నెల్‌లోకి, అంటే విండోస్ గుండెకాయలోకి, వచ్చే కోడ్‌ను హైపర్‌వైజర్ (విండోస్ కన్నా కింది పొరలో నడిచే సాఫ్ట్‌వేర్) రక్షణలో విడిగా తనిఖీ చేశాకే నడవనిస్తుంది. ఆఫ్ చేస్తే ఆ తనిఖీ బలహీనపడుతుంది. లోపమున్న పాత డ్రైవర్‌కు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) డిజిటల్ సంతకం సక్రమంగానే ఉండొచ్చు. దాడి చేసేవాళ్లు సరిగ్గా అలాంటి డ్రైవర్లనే ఏరుకుని, కెర్నెల్‌లోకి దూరి, ముందుగా యాంటీవైరస్‌ను చంపేస్తారు. ఆ తర్వాత మీ బ్యాంకు పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా ఒకటే.

ఈక్వలైజర్‌కూ బూస్టర్‌కూ కెర్నెల్‌తో పనే లేదు. విండోస్‌లో ఆడియో ఎఫెక్టులు యూజర్ మోడ్‌లోనే, అంటే కెర్నెల్ బయట మామూలు యాప్‌ల్లాగే, నడుస్తాయి. అయినా రక్షణ ఆఫ్ చేయమని అడుగుతోందంటే, రాసినవాళ్లు పాత డ్రైవర్‌ను సరిదిద్దే ఓపిక లేక ఆ బరువు మీ మీద పడేశారు. యూఎస్‌బీ డీఏసీలు అమ్మేవాళ్లదీ ఇదే తీరు. అలాంటి పరికరాలకు సరిపోయే యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ 2017 నుంచి విండోస్‌లోనే ఉంది, వీళ్లు ఇంకా సొంత డ్రైవర్ ఫైలు చేతిలో పెడుతూనే ఉన్నారు.

ఇప్పటికే ఆఫ్ చేసి ఉంటే ముందు బూస్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ వివరాల్లోకి వెళ్లి ఆన్ చేసి రీస్టార్ట్ చేయండి. ఆన్ కాకపోతే అడ్డుపడే డ్రైవర్ పేరు అక్కడే చూపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో దాన్ని తీసేటప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించే గడికి టిక్ పెట్టండి. పెట్టకపోతే ఫైలు అలాగే ఉండిపోయి మళ్లీ అడ్డుపడుతుంది.