ఆదివారం మందిరానికి రానని భర్త అంటే భక్తి పోయినట్టేనా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండేళ్లుగా శనక్కాయ పంట పోయింది, బోరు ఎండింది, బయట తెచ్చిన అప్పు వడ్డీతో పెరిగిపోతోంది. మా ఆయన మందిరానికి రావడం మానేశారు. "దేవుడు మనకేం చేశాడు" అంటారు, రాత్రిళ్లు నిద్రపోరు, "నేను లేకపోతేనే మీరు బాగుంటారు" అని కూడా అన్నారు. చర్చి సంఘంలో వాళ్లేమో మా ఇంట్లో విశ్వాసం తక్కువంటున్నారు. ఆయనకు చెప్పకుండా డ్వాక్రా డబ్బుల్లోంచి పదివేలు కానుక ఇచ్చాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని తీసిన బైబిలు వచనం కార్డులో నాకు వచ్చిన వాగ్దానం సమృద్ధి గురించే. దేవునికి నమ్మకంగా ఉండాలంటే ఇంకా ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు మధ్యలో చెప్పి వదిలేసిన మాట ఒకటుంది, నేను దానితోనే మొదలుపెడతాను. "నేను లేకపోతేనే" అన్న మాటను కోపంలో అన్నారులే అని తీసేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన్ని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, పైగా లోపల ఉన్నది బయటికొస్తుంది. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈరోజే వేరేవాళ్ల ఇంటికి చేర్చండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా డబ్బులు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ప్రార్థన చేస్తూనే వెళ్లండి, డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

ఇక సంఘంలో వాళ్ల మాటలు. బైబిల్లో కష్టాలన్నీ ఒక్కసారే మీదపడ్డ యోబు ఉన్నాడు కదా, ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా ఆయన పక్కన నేలమీద కూర్చున్నారు చూడండి, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే! నోరు తెరిచాక నువ్వేదో పాపం చేసుంటావు అన్నారు, చివరికి దేవుడు కోప్పడింది వాళ్లమీద, అన్నన్ని ఫిర్యాదులు చేసిన యోబు మీద కాదు. కాబట్టి మీ విశ్వాసాన్ని కొలిచేవాళ్లతో వాదన పెట్టుకోకండి, నవ్వి ఊరుకోండి.

వాగ్దానం కార్డు మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు గానీ, అదేదో ఆ ఏడాది పంటకు దేవుడు రాసిచ్చిన బాండు పేపరు అనుకుంటేనే చిక్కు. పొలంలో పంట లేకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాట మన ఇళ్లల్లో క్యాలెండర్ల మీద ఉంటుంది. అదే పుస్తకం మొదలయ్యేది మాత్రం ఎన్నాళ్లు మొరపెట్టాలి, నువ్వు వినవేం అనే గొడవతో. శనక్కాయకు ఊడలు దిగే టైంలో వాన మొహం చాటేస్తే మీ ఆయన అడుగుతున్నదీ అదే కదా. ఆయన దేవుణ్ని వదిలేశాడని నాకు అనిపించడం లేదు, దేవుని మీద అలిగాడు, అంతే. మందిరానికి రమ్మని పోరు పెట్టకండి. మీ ప్రార్థనలో కూడా అంతా బాగుంది ప్రభువా అని చెప్పనక్కర్లేదు, ఏడుపొస్తే ఏడవండి.

కానుక సంగతి మీకు నచ్చకపోవచ్చు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి ఇచ్చేశాం అని తప్పించుకున్నవాళ్లను యేసుప్రభువే మందలించారు. అప్పులవాడు పిల్లల్ని దాసులుగా తీసుకుపోవడానికి వస్తే ఏడ్చిన విధవరాలికి ఎలీషా ప్రవక్త ఏం చెప్పాడు? ఆమె ఇంట్లో ఉన్న కాస్త నూనె అద్భుతంగా పెరిగాక, ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు, కానుక తెమ్మనలేదు. ఆ పదివేలూ గ్రూపుకు కట్టాల్సిన డబ్బు. పాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పి వెనక్కి అడగండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ ఆయనకూ చెప్పేయండి, కాకపోతే ఆయన కొంచెం కుదురుకున్నాక.

అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అని. మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించి ఉంటే బ్యాంకు పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయమని అడగొచ్చు, బ్యాంకుకు వెళ్లి కనుక్కోండి. పంట ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో ఎక్కిందా, బీమా వస్తుందా అనేది రైతు సేవా కేంద్రంలో చెబుతారు. ఈ పనులకు తిరగడం కూడా భక్తిలో భాగమే అంటాను నేను, ఎవరేమన్నా సరే.

ఈ ఆదివారం మీరు ఆరాధనకు వెళ్లాలనుకుంటే ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదలకండి, మరిదినో దగ్గరి స్నేహితుణ్నో తోడు ఉంచి వెళ్లండి. ఎవరూ దొరకకపోతే ఆ పూటకు మీరూ ఇంట్లోనే ఉండిపోండి.