కాలువలో తాబేళ్ళు చూడబోయే బుజ్జమ్మకు

విజయవాడ

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఎండాకాలం బందరు కాలువ వెంట తిరిగి తాబేళ్ళు ఎక్కడెక్కడ దాక్కుంటాయో రాసుకుంటానన్నావని మీ నాన్న చెప్పాడు. అప్పటినుంచి ఒక కంట సంతోషం, గుండెలో దడ. మనింట్లో పూడిక తీయడానికి కాలువలో దిగినవాళ్ళే గానీ చదువుకోసం దిగినవాళ్ళు లేరు తల్లీ.

టోపీ, నీళ్ళసీసా, తోడు మనిషి. ఇవి నీకు తెలుసు. ఒండ్రు పైకి గట్టిగానే కనబడుతుంది, లోపల జావ. కర్రతో పొడిచి చూశాకే అడుగెయ్యి. ఒంటరిగా దిగావని తెలిసిందో, నీతో మాట్లాడను.

ఇక అసలు సంగతి. నేను లస్కరుగా, అంటే కాలువ నీళ్ళు చూసుకునే పనివాడిగా, చేరిన కొత్త. బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేశారు, కాలువ అడుగు బీటలు తీస్తోంది. తూము కింద ఇంకా తడి ఆరని చోట కాసేపు కూర్చున్నాను. నా కాళ్ళకు మూరెడు దూరంలో బురద కళ్ళు తెరిచింది! మెంతిగింజలంత కళ్ళు, వాటి ముందు పొడుగు ముక్కు. మిగతాదంతా బురదే. వీపు మీద తోలు కూడా అచ్చం ఆ మట్టి రంగే. వెనక్కాళ్ళను తలుపుల్లా మూసుకునే మడతలుంటాయే, ఆ తాబేలు. నీళ్ళు తగ్గితే బురదలోకి దిగిపోయి వానలదాకా అలాగే ఉంటుందని అప్పుడు నాకు తెలీదు. ఆనందం పట్టలేక గట్టుమీద పోయేవాళ్ళని కేకేశాను. పదిమంది వచ్చారు. ముందు ఎవరికీ కనబడలేదు. నేనే వేలుపెట్టి చూపించాను.

సాయంత్రం వెళ్ళేసరికి అక్కడ పార గుంట, గుంటలో ఊరిన నీళ్ళు. అంతే. కూరకి పట్టుకుపోయారు. ఆ వేలు నాది బుజ్జమ్మా. ఇప్పటికీ ఆ తూము మీదుగా వెళ్తే కిందికి చూడలేను.

ఎర్రచెవుల తాబేళ్ళను నల్లటి అడుగున్న తొట్టిలో ఉంచితే నెలల్లో నల్లబడతాయని మొన్న ఫోన్లో చెప్పావు. రాత్రంతా అదే ఆలోచించాను. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవడానికి అది నెలల తరబడి పాటుపడితే, మనం ఒక్క వేలితో చెరిపేస్తాం. అందుకే ఫోటో కోసమని బురదలోదాన్ని తెచ్చి ఇసుకమీద పెట్టకు. తూము పేరు, మైలురాయి ఫోన్లో ఎవరికీ పంపకు. మన తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, పట్టడం నేరం. కానీ పార పట్టినవాడి చేతిలో చట్టం పుస్తకం ఉండదు. చేతిలోకి తీసుకోవాల్సిన పనుంటే ముందు అటవీశాఖ అనుమతి తెచ్చుకో.

గుర్రపుడెక్క అంచులు, తూము కింది నీడలు, నీరు పారకుండా నిలిచిన మూలలు చూడు. కొట్టుకుపోయే నీళ్ళకంటే మెత్తటి అడుగున్న చోటే దానికిష్టం. తొందరపడకు, కదలకుండా కూర్చో. ఊపిరికి అదే ముక్కు బయట పెడుతుంది.

మొదటిరోజు నేనూ వస్తాను. గట్టుమీద చెట్టుకింద కూర్చుంటాను, మోకాళ్ళు ఇక దిగనివ్వవు. ఎక్కడ కనబడిందో నాకు కూడా చెప్పకు.

మీ పెదనాన్న